శిలాద్రవంలో నీరు: 4 శాతం చేసే పనిని లెక్కగట్టే విధానం

ఆల్బైట్ అనే సోడియం ఫెల్డ్‌స్పార్‌ను పొడిగా, సాధారణ వాతావరణ పీడనం వద్ద వేడిచేస్తే అది 1118 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. అదే ఖనిజాన్ని 100 మెగాపాస్కల్ పీడనం కింద, అంటే భూమిలో సుమారు 4 కిలోమీటర్ల లోతున ఉండే ఒత్తిడిలో, నీటితో కలిపి వేడిచేస్తే 900 డిగ్రీలు దాటిన కొద్దిసేపటికే కరిగిపోతుంది. అప్పుడు ఆ ద్రవంలో కరిగి ఉన్న నీరు బరువులో సుమారు 4 శాతం మాత్రమే. ఇంత కొద్దిపాటి నీరు ద్రవీభవన స్థానాన్ని 200 డిగ్రీలు ఎలా దించగలిగిందన్నది భూరసాయన శాస్త్రం చదివే విద్యార్థులందరికీ ఏదో ఒక రోజు ఎదురయ్యే ప్రశ్న. ‘పిండి కొద్దీ రొట్టె’ అన్న సామెత ఇక్కడ చెల్లనట్టు కనిపిస్తుంది. నిజానికి అది చెల్లుతుంది. మనం పిండిని కొలిచే తీరులోనే పొరపాటు ఉంది. ఆ పొరపాటును సరిదిద్దుకుంటూ, నీటి ప్రభావాన్ని కాగితం మీద, మామూలు కాలిక్యులేటర్‌తో ఎవరికి వారే లెక్కగట్టుకోగలిగే క్రమాన్ని కింద వివరిస్తున్నాను. డిగ్రీ స్థాయి రసాయన శాస్త్రంలో క్రియాశీలత, మోల్ భిన్నం అనే రెండు భావనలు పరిచయమై ఉంటే చాలు.

మొదటి మెట్టు: బరువును మోల్‌లలోకి మార్చుకోవడం

ఉష్ణగతిక శాస్త్రం బరువులను పట్టించుకోదు, అణువుల సంఖ్యనే లెక్కలోకి తీసుకుంటుంది. ఒక మోల్ నీరు 18.02 గ్రాములు కాగా, ఒక మోల్ ఆల్బైట్ 262.2 గ్రాములు. అందువల్ల 100 గ్రాముల ద్రవంలో 4 గ్రాముల నీరు ఉంటే నీటి మోల్‌లు 4 ÷ 18.02 = 0.222, మిగిలిన 96 గ్రాముల ఆల్బైట్ మోల్‌లు 96 ÷ 262.2 = 0.366. మొత్తం 0.588లో నీటి వాటా 0.377 అవుతుంది. దీన్ని ఇక మీదట ‘నీ’ అని పిలుద్దాం. బరువులో 4 శాతంగా కనిపించిన నీరు, సంఖ్యలో 38 శాతం దాకా ఉన్నదన్నమాట. బరువులో సుమారు 6.4 శాతం చేరేసరికి నీటి మోల్‌లు, ఆల్బైట్ మోల్‌లు సరిసమానమవుతాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఆల్బైట్ సూత్రంలో 8 ఆక్సిజన్ పరమాణువులు ఉన్నాయి. కొందరు పరిశోధకులు లెక్కను ఒక్కొక్క ఆక్సిజన్‌కు కుదించి, సిలికేట్ మోల్ బరువును సుమారు 32.8 గ్రాములుగా తీసుకుంటారు. అలా చేస్తే అదే 4 శాతం నీటి మోల్ భిన్నం 0.07 మాత్రమే అవుతుంది. రెండు పద్ధతులూ సరైనవే, కానీ ఒక పద్ధతిలో వచ్చిన అంకెను మరొక పద్ధతికి చెందిన సూత్రంలో పెట్టకూడదు. విద్యార్థుల లెక్కలు తప్పడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఇదే. ఈ వ్యాసంలో ద్రవీభవన లెక్క అంతా 8 ఆక్సిజన్‌ల ఆధారంగానే సాగుతుంది.

రెండవ మెట్టు: లోపలికి వెళ్లిన నీరు ఏమవుతుందో తెలుసుకోవడం

సిలికేట్ ద్రవం అంటే సిలికాన్, అల్యూమినియం చతుర్ముఖులు (ఒక్కో పరమాణువు చుట్టూ నాలుగు ఆక్సిజన్‌లు చేరిన ముక్కలు) ఆక్సిజన్ వంతెనలతో ఒకదానికొకటి ముడిపడి ఉన్న వల. నీటి అణువు ఈ వలలోకి చొరబడినప్పుడు ఒక వంతెన ఆక్సిజన్‌తో చర్య జరిపి, తాను ముక్కలై, రెండు హైడ్రాక్సిల్ సమూహాలుగా మారుతుంది. ఆ చోట వంతెన తెగిపోతుంది. అయితే నీరంతా ఇలా మారదు. కొంత భాగం చీలిపోకుండా, నీటి అణువుగానే వలలోని ఖాళీలలో ఉండిపోతుంది. ఈ రెండు రూపాల నిష్పత్తిని పరారుణ వర్ణపటం ద్వారా గాజులో కొలవవచ్చని 1982లో ఎడ్వర్డ్ స్టోల్పర్ చూపించారు. బరువులో 1 శాతం నీరు ఉన్నప్పుడు దానిలో అత్యధిక భాగం హైడ్రాక్సిల్ రూపంలోనే ఉంటుంది. 3, 4 శాతాల దగ్గరికి వచ్చేసరికి రెండు రూపాలూ దాదాపు సమానమవుతాయి. ఆపైన చేరే నీరు ఎక్కువగా అణురూపంలోనే నిలుస్తుంది.

ఒక అణువు రెండుగా చీలుతుందన్న ఈ ఒక్క విషయం నుంచే మిగిలిన సంగతులన్నీ పుట్టుకొస్తాయి. ద్రవంలోని హైడ్రాక్సిల్ సాంద్రతను దానితోనే గుణిస్తే గాని బయటి నీటి క్రియాశీలతతో సమతాస్థితి కుదరదు. అందుచేత నీటి క్రియాశీలత మోల్ భిన్నానికి కాక, మోల్ భిన్నపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వేన్ బర్న్‌హామ్ తన సహచరుడు డేవిస్‌తో కలిసి ఆల్బైట్–నీరు వ్యవస్థపై చేసిన కొలతల నుంచి 1974లో చేరుకున్న నమూనాకు ఈ సంబంధమే పునాది: నీటి క్రియాశీలత = ఒక స్థిరాంకం × నీ². ఆ స్థిరాంకం పీడనంతోను, ఉష్ణోగ్రతతోను మారుతుంది. నీ విలువ 0.5 మించనంతవరకు ఈ సూత్రాన్ని నమ్మవచ్చు.

మూడవ మెట్టు: ఎంత పీడనానికి ఎంత నీరు పడుతుందో చూడటం

పై సూత్రాన్ని తిరగేస్తే ద్రావణీయత నియమం వస్తుంది: కరిగే నీరు పీడనపు వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. రయొలైట్ (గ్రానైట్ కూర్పే గల లావా శిల) ద్రవానికి ఉపయోగపడే ఉజ్జాయింపు ఇది: బరువులో నీటి శాతం = 0.41 × మెగాపాస్కల్‌లలో పీడనపు వర్గమూలం. దీని ప్రకారం 200 మెగాపాస్కల్ వద్ద 5.8 శాతం, 100 వద్ద 4.1 శాతం, 25 వద్ద 2 శాతం నీరు కరుగుతుంది. భూమి ఉపరితలాన, అంటే 0.1 మెగాపాస్కల్ వద్ద మిగిలేది 0.13 శాతమే. సిలికా తక్కువగా ఉండే నల్లని లావా శిల అయిన బసాల్ట్ ద్రవంలో కరిగేది ఇంతకన్నా కాస్త తక్కువ. 100 మెగాపాస్కల్ దగ్గర సుమారు 3 శాతం. గ్రానైట్ ద్రవంలో నీటి ద్రావణీయతను 1931లోనే రాబర్ట్ గోరాన్సన్ వాషింగ్టన్‌లోని కార్నెగీ సంస్థకు చెందిన భూభౌతిక ప్రయోగశాలలో కొలిచారు.

వర్గమూలం అనే మాటకు భౌతికంగా ఒక తీవ్రమైన పర్యవసానం ఉంది. 100 మెగాపాస్కల్ నుంచి 25కు పీడనం దిగినప్పుడు, అంటే దాదాపు 3 కిలోమీటర్ల ప్రయాణంలో, బయటపడేది సగం నీరు. మిగిలిన సగంలో దాదాపు అంతా చివరి ఒక కిలోమీటరు ప్రయాణంలో బయటపడుతుంది. ఈ అంకెలను గుర్తుంచుకోవాలి, స్నిగ్ధత (ద్రవపు చిక్కదనం) దగ్గర వీటితో మళ్లీ పని ఉంది.

నాలుగవ మెట్టు: ద్రవీభవన స్థానాన్ని లెక్కగట్టడం

ఇది ఈ మార్గదర్శికి గుండెకాయ. నీటి క్రియాశీలత తెలిసినంత మాత్రాన సరిపోదు. ఆల్బైట్ స్ఫటికం కరగాలా వద్దా అని నిర్ణయించేది ద్రవంలోని ఆల్బైట్ క్రియాశీలత. ఒకదాని నుంచి మరొకదానికి దారి చూపేది గిబ్స్–డ్యూహెమ్ సమీకరణం. స్థిర పీడనం, స్థిర ఉష్ణోగ్రతల వద్ద, నీటి మోల్ భిన్నాన్ని నీటి క్రియాశీలత సంవర్గమానంలోని మార్పుతోను, ఆల్బైట్ మోల్ భిన్నాన్ని ఆల్బైట్ క్రియాశీలత సంవర్గమానంలోని మార్పుతోను గుణించి కూడితే సున్నా రావాలని అది చెబుతుంది. నీటి క్రియాశీలత నీ² ప్రకారం మారుతున్నది కనుక దాని సంవర్గమానంలోని మార్పు, ‘నీ’లో వచ్చిన మార్పుకు రెండింతలను నీ చేత భాగించినంత. దాన్ని సమీకరణంలో ఉంచి, నీ సున్నాగా ఉన్న స్థితి నుంచి సమాకలనం చేస్తే చిక్కేది ఇది:

ద్రవంలోని ఆల్బైట్ క్రియాశీలత = (1 − నీ)²

నీటి వైపు ఉన్న వర్గం ఎంత నిశ్శబ్దంగా ఆల్బైట్ వైపుకు నడిచి వచ్చిందో గమనించండి. మనం కొత్తగా ఏ ఊహా చేయలేదు.

ఇప్పుడు ఘనీభవన స్థానపు తగ్గుదలకు వాడే సాధారణ సమీకరణాన్ని తీసుకుందాం. నీరున్న ద్రవంలో ద్రవీభవన ఉష్ణోగ్రత వ్యుత్క్రమం నుంచి పొడి ద్రవీభవన ఉష్ణోగ్రత వ్యుత్క్రమాన్ని తీసివేస్తే, ఆల్బైట్ క్రియాశీలత సహజ సంవర్గమానాన్ని వాయు స్థిరాంకంతో గుణించి, ద్రవీభవన ఎంథాల్పీతో (ఒక మోల్ కరగడానికి కావలసిన వేడితో) భాగించి, రుణ గుర్తు పెట్టినంత వస్తుంది. ఉష్ణోగ్రతలు కెల్విన్‌లలోనే ఉండాలి. పొడి ద్రవీభవన స్థానం 1391 కెల్విన్, ద్రవీభవన ఎంథాల్పీ మోల్‌కు సుమారు 64,500 జౌల్‌లు, వాయు స్థిరాంకం 8.314.

నీ = 0.377 కనుక ఆల్బైట్ క్రియాశీలత 0.623 వర్గం, అంటే 0.388. దాని సహజ సంవర్గమానం −0.948. దీన్ని 8.314తో గుణించి 64,500తో భాగిస్తే పరిమాణంలో 0.0001222 వస్తుంది. 1391 వ్యుత్క్రమం 0.0007189కు దీన్ని కలిపితే 0.0008411. దీని వ్యుత్క్రమం 1189 కెల్విన్, అంటే 916 డిగ్రీల సెల్సియస్. వ్యాసం మొదట్లో చెప్పిన ప్రయోగ ఫలితానికి ఇది దగ్గరగా ఉంది. పీడనం వల్ల పొడి ద్రవీభవన స్థానం కొద్దిగా పెరగడాన్ని, ఉష్ణధారణల తేడాను మనం వదిలేసినా లెక్క ఇంత దగ్గరగా రావడం కొంత అదృష్టమే అయినా, చాలావరకు నమూనా బలం.

దారి తప్పితే ఏమవుతుందో కూడా చేసి చూడటం మంచిది. బరువు శాతాన్నే మోల్ భిన్నమనుకుని, వర్గాన్ని కూడా మరచి, క్రియాశీలత 0.96 అని తీసుకుంటే తగ్గుదల 10 డిగ్రీలే వస్తుంది. మోల్‌లలోకి మార్చి వర్గాన్ని మాత్రం మరచిపోతే 109 డిగ్రీలు వస్తుంది. రెండూ సరిగా చేస్తేనే 202 డిగ్రీలు. ఆశ్చర్యంలో సగం నీటి తేలికదనానిది, మిగిలిన సగం అది రెండుగా చీలడానిది. 1 శాతం నీటికి ఇదే లెక్క చేస్తే 1053 డిగ్రీలు, 5.8 శాతానికి 858 డిగ్రీలు వస్తాయి. వీటిని మీరే సరిచూసుకోండి.

గ్రానైట్‌లో క్వార్ట్జ్, రెండు ఫెల్డ్‌స్పార్‌లు కలిసి ఉంటాయి కనుక పొడిగా ఉన్నప్పుడే అది ఆల్బైట్ కన్నా తక్కువ ఉష్ణోగ్రతకు కరుగుతుంది. నీరు చేరితే ఇంకా దిగుతుంది. టటిల్, బోవెన్ 1958లో ప్రచురించిన ప్రయోగాలలో 200 మెగాపాస్కల్ నీటి పీడనం కింద గ్రానైట్ కూర్పు గల మిశ్రమం 690 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా కరగడం మొదలుపెట్టింది. గ్రానైట్ శిలాద్రవం నుంచి పుట్టిందా, లేక ఘనస్థితిలోనే రూపాంతరం చెందిందా అన్న పాత వాదాన్ని శిలాద్రవం వైపు మొగ్గేట్టు చేసిన ప్రధాన ఆధారాలలో ఈ అంకె ఒకటి.

ఐదవ మెట్టు: పీడనం–ద్రవీభవన స్థానం వక్రరేఖ వాలును చదవడం

పొడి ఖనిజం కరిగితే ఘనపరిమాణం పెరుగుతుంది. అందువల్ల క్లాపెరాన్ సమీకరణం ప్రకారం పీడనం పెంచే కొద్దీ ద్రవీభవన స్థానం కూడా పెరగాలి. నీటి ఆవిరి సమక్షంలో మాత్రం చర్య వేరు: స్ఫటికం, ఆవిరి రెండూ కలిసి ఒకే ద్రవంగా మారుతున్నాయి. 100 మెగాపాస్కల్, 900 డిగ్రీల వద్ద ఒక మోల్ ఆవిరి ఆక్రమించే చోటు 100 ఘన సెంటీమీటర్లకు దగ్గరగా ఉంటుంది. అదే నీరు ద్రవంలో కరిగాక సుమారు 23 ఘన సెంటీమీటర్లకు సర్దుకుంటుంది. మొత్తం ఘనపరిమాణం తగ్గుతుంది కనుక వాలు రుణాత్మకమై, పీడనం పెంచితే ద్రవీభవన స్థానం దిగుతుంది.

దీని ఫలితం క్షేత్రంలో కనిపిస్తుంది. నీటితో సంతృప్తమైన గ్రానైట్ ద్రవం, తన ఘనీభవన రేఖకు దగ్గరగా ఉండి పైకి లేస్తే, చల్లబడకపోయినా పీడనం తగ్గడం వల్లనే ఆ రేఖను దాటి మధ్యదారిలో గడ్డకడుతుంది. నీరు తక్కువగా ఉండి, వేడి ఎక్కువగా ఉన్న ద్రవమే ఉపరితలం దాకా చేరుకోగలుగుతుంది.

మన ప్రాంతంలోనే ఈ రెండు కొసలకూ ఉదాహరణలు ఉన్నాయి. తూర్పు కనుమలలోని చార్నొకైట్ శిలలలో గ్రానైట్‌కు మామూలుగా ఉండే జలసహిత ఖనిజాల స్థానంలో పొడి ఖనిజమైన ఆర్థోపైరాక్సీన్ ఉంటుంది. నీటి క్రియాశీలత బాగా తక్కువగా ఉన్న పరిస్థితికి అది గుర్తు. నెల్లూరు ప్రాంతపు గూడూరు చుట్టుపక్కల అభ్రకం గనులకు ఆధారమైన పెగ్మటైట్‌లు (చాలా పెద్ద స్ఫటికాలున్న గ్రానైట్ తరహా శిలలు) దీనికి పూర్తిగా ఎదురు: స్ఫటికీకరణం చివరి దశలో నీరు, ఇతర తేలిక పదార్థాలు పోగుపడిన ద్రవం నుంచి పెరిగిన పెద్ద పెద్ద అభ్రకపు పలకలు అక్కడ దొరుకుతాయి.

ఆరవ మెట్టు: స్నిగ్ధతను అంచనా వేయడం

కచ్చితంగా చెప్పాలంటే స్నిగ్ధత ఉష్ణగతిక రాశి కాదు. కానీ తెగిన వంతెనల కథనే అది మరో భాషలో చెబుతుంది కనుక దాన్ని వదిలేస్తే లెక్క అసంపూర్ణమే. గ్రానైట్, రయొలైట్ తరహా ద్రవాలకు హెస్, డింగ్‌వెల్ 1996లో ఇచ్చిన సూత్రాన్ని 800 డిగ్రీల వద్ద వాడితే వచ్చే విలువలు ఇవి: నీరు 0.1 శాతం ఉంటే సుమారు 2,300 కోట్ల పాస్కల్ సెకన్లు. 1 శాతం ఉంటే 2.5 కోట్లు; 2 శాతానికి 22 లక్షలు; 4 శాతానికి 1.6 లక్షలు, 6 శాతానికి 30 వేలు.

ఈ వరుసలో మొదటి అడుగే పెద్దది. 0.1 నుంచి 1 శాతానికి వెళ్లగానే స్నిగ్ధత 900 రెట్లు పడిపోయింది. 4 నుంచి 6కు వెళితే అయిదారు రెట్లే. మొదట చేరే నీరు దాదాపు అంతా హైడ్రాక్సిల్‌గా మారి వంతెనలను తెంచుతుంది, తరువాత చేరేది ఎక్కువగా అణురూపంలో ఊరక కూర్చుంటుంది కనుక ఇలా జరుగుతుంది. ఇప్పుడు మూడవ మెట్టులోని అంకెలను దీనికి జతచేయండి. చివరి కిలోమీటరులో నీరు 2 శాతం నుంచి 0.1 శాతానికి పడిపోతున్నప్పుడు ద్రవం ఏకంగా పదివేల రెట్లు చిక్కబడుతుంది, అదీ ఉష్ణోగ్రత మారకుండానే. నీరు ఇగిరిపోతూ బెల్లం పాకం ముదరడం చూసినవారికి ఈ దృశ్యం కొత్త కాదు. ఇక్కడ తేడా ఏమిటంటే నీటిని వెళ్లగొట్టేది పొయ్యి మంట కాదు, తగ్గుతున్న పీడనం.

సాంద్రత గురించి ఒక్క మాట చాలు. బసాల్ట్ ద్రవంలో 1 శాతం నీరు కలిస్తే సాంద్రతలో వచ్చే తగ్గుదల, ఉష్ణోగ్రతను సుమారు 400 డిగ్రీలు పెంచినప్పుడు వచ్చే తగ్గుదలకు సమానమని ఓక్స్, లాంగే 1999లో చూపించారు.

ఏడవ మెట్టు: ఏ ఖనిజం ముందు, ఏది వెనుక

నీరు అన్ని ఖనిజాలనూ ఒకే మోతాదులో అణచదు. ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ పూర్తిగా వంతెనల మీద నిలబడిన నిర్మాణాలు. వంతెనలు తెగిన ద్రవంలో వాటి క్రియాశీలత బాగా పడిపోతుంది. ఇనుము, మెగ్నీషియం ఉండే ఆలివిన్ ఖనిజంలో చతుర్ముఖులు విడివిడిగానే ఉంటాయి కనుక దానికి కలిగే నష్టం తక్కువ. అందుచేత నీరున్న బసాల్ట్ ద్రవంలో ప్లాజియోక్లేజ్ (సోడియం, కాల్షియం గల ఫెల్డ్‌స్పార్) ఆలస్యంగా, అదీ కాల్షియం ఎక్కువగా ఉన్న కూర్పుతో మొలుస్తుంది. ఆలివిన్, పైరాక్సీన్‌లు ముందుగా వచ్చి ఇనుమును, మెగ్నీషియాన్ని తీసుకుపోవడంతో మిగిలిన ద్రవంలో సిలికా పెరుగుతుంది. సముద్రమధ్య పర్వతశ్రేణుల బసాల్ట్‌లలో నీరు సాధారణంగా అర శాతం లోపే ఉంటుంది. ఒక ఫలకం మరొక దాని కిందికి దూరే చోట్ల పుట్టే బసాల్ట్‌లలో అది సగటున 4 శాతం దగ్గర ఉంటుంది. బసాల్ట్ కన్నా సిలికా ఎక్కువగా ఉండే ఆండెసైట్ శిల ఈ రెండవ చోటనే అంత విరివిగా దొరకడానికి ముఖ్యమైన కారణాలలో ఇది ఒకటి.

ఎనిమిదవ మెట్టు: అసలు అగ్నిపర్వతం మీద పరీక్షించడం

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్న సెయింట్ హెలెన్స్ పర్వతం 1980 మే 18 ఉదయం పేలింది; 57 మంది మరణించారు. బయటపడిన డేసైట్ (ఆండెసైట్‌కు, రయొలైట్‌కు మధ్యస్థమైన కూర్పు గల శిల) రాళ్లలోని స్ఫటికాల లోపల చిక్కుకుపోయిన గాజు బిందువుల నుంచి, ప్రయోగశాలలో అదే ఖనిజాల కూర్పును తిరిగి పుట్టించిన ప్రయోగాల నుంచి, పేలుడుకు ముందు శిలాద్రవం సుమారు 920 డిగ్రీల వేడితో, 220 మెగాపాస్కల్ పీడనం కింద, ద్రవభాగంలో సుమారు 4.6 శాతం నీటితో ఉన్నదని రూథర్‌ఫర్డ్ బృందం 1985లో తేల్చింది. స్ఫటికాలను పక్కనపెడితే మిగిలిన ద్రవం కూర్పులో రయొలైటే కనుక మన సూత్రాలను ఇక్కడ వాడవచ్చు.

4.6ను 0.41తో భాగించి వర్గం చేస్తే 126 మెగాపాస్కల్ వస్తుంది. కానీ అసలు పీడనం 220. లెక్క తప్పిందని కొట్టివేయడానికి ముందు ఆగి చూడాలి. ఇక్కడ తేడాయే సమాచారం. మన సూత్రం ఇచ్చేది మొత్తం పీడనాన్ని కాదు, నీటి వాటాను. 126ను 220తో భాగిస్తే 0.57. ద్రవం నీటితో పూర్తిగా సంతృప్తం కాలేదని, దానితో పాటు ఆవిరి బుడగలు ఏవైనా ఉన్నట్టయితే వాటిలో సగం కన్నా కొంచెం ఎక్కువే నీరని, మిగిలినది కార్బన్ డయాక్సైడ్ వంటి ఇతర వాయువులని అర్థం. రూథర్‌ఫర్డ్ బృందం కూడా నీటి పాక్షిక పీడనం మొత్తం పీడనం కన్నా తక్కువని వేరే మార్గంలోనే చేరుకుంది. గాజులోని నీటిని కొలిచి నేరుగా లోతు చెప్పేసేవారు మరచిపోయేది ఈ విషయాన్నే. అలా వచ్చేది కనీసపు లోతు మాత్రమే.

ఇక పేలుడు బలం. ఒక ఘనమీటరు ద్రవంలో 4.6 శాతం అంటే సుమారు 100 కిలోల నీరు. 920 డిగ్రీల వద్ద, వాతావరణ పీడనం కింద, ఆదర్శ వాయు సమీకరణం ప్రకారం అది దాదాపు 540 ఘనమీటర్ల ఆవిరి అవుతుంది. ఆ ఉదయం భూకంపంతో ఉత్తరపు వాలు కూలిపోగానే కింద ఉన్న శిలాద్రవం మీది పీడనం ఒక్కసారిగా పడిపోయి, కరిగిన నీరు బుడగలుగా విడివడటానికి దారి దొరికింది.

అదే పర్వతం తరువాతి నెలలలో, సంవత్సరాలలో లావా గుమ్మటాలను నెమ్మదిగా పెంచుకుంటూ వచ్చింది. నెమ్మదిగా పైకి వచ్చే ద్రవం నుంచి ఆవిరి దారిలోనే తప్పించుకుపోతుంది, మిగిలిన ద్రవం ఆరవ మెట్టులో చెప్పినట్టు చిక్కబడుతుంది. నాలుగవ మెట్టును తిరగేసి చదివితే మరొకటి కూడా అర్థమవుతుంది: నీరు పోగానే ఫెల్డ్‌స్పార్ ద్రవీభవన స్థానం అమాంతం పైకి లేస్తుంది కనుక, ఉష్ణోగ్రత మారకపోయినా ద్రవంలో స్ఫటికాలు పుట్టుకొస్తాయి. స్ఫటికాలు పుడితే గుప్తోష్ణం విడుదలవుతుంది. సెయింట్ హెలెన్స్, కమ్చట్కాలోని షివెలుచ్ పర్వతాల గాజు బిందువులను పరిశీలించిన బ్లండీ, క్యాష్‌మన్, హంఫ్రీస్ 2006లో చూపించినది సరిగ్గా ఇదే: పైకి వస్తూ నీటిని కోల్పోతున్న శిలాద్రవం చల్లబడటానికి బదులు 100 డిగ్రీల వరకు వేడెక్కగలదు.